హాజరు పిలిస్తే సరిపోదు



మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎం.సి.ఎ. పూర్తిచేశాను. "టెస్టింగ్ అంటే కోడింగ్ రానివాళ్ళ పని" అని మనవాళ్ళే అంటుంటే బాధేస్తుంది. ఆ మాట తప్పని నా అభిప్రాయం.

వెబ్‌సైట్‌లో ఒకచోట మార్పు చేస్తే మరోచోట పాడవుతుంది. ప్రతిసారీ మనిషి కూర్చుని అన్ని పేజీలూ నొక్కి చూడలేడు. అందుకే బ్రౌజర్‌ను ప్రోగ్రామే నడిపేలా పరీక్షలు రాస్తారు. పేజీ తెరువు, పేరు నింపు, బటన్ నొక్కు, ఫలానా మాట వచ్చిందా చూడు - ఇంతే. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన సెలీనియం, 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ రెండూ ఉచితమే. మనం బ్రౌజర్‌లో చేసే పనిని చూసి ప్లేరైట్ తానే కోడ్ రాసిపెడుతుంది కూడా.

నా ప్రాజెక్టుగా హాస్టల్ దరఖాస్తు ఫారం తయారుచేసి 22 పరీక్షలు రాశాను. అన్నీ పాసయ్యాయి. గర్వంగా ఒక హాస్టల్ తమ్ముడికి చూపిస్తే, "అన్నా, మా చెల్లి కూడా నాన్న ఫోన్ నంబరే ఇస్తుంది కదా?" అన్నాడు. ఇచ్చి చూశాం. "ఈ నంబరు ఇదివరకే నమోదైంది" అని ఫారం తిప్పికొట్టింది. నా పరీక్షలు ప్రతి దరఖాస్తుకూ ఒక కొత్త నంబరు వేసుకుంటున్నాయి మరి! ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో పెరిగిన నేనే ఆ సంగతి మరిచాను. అది నిజమైన దరఖాస్తు అయితే ఒక చెల్లెలి సీటు పోయేది.

రాత్రి హాజరులో "ప్రజెంట్ సార్" అని వినబడితే పిల్లవాడు ఉన్నాడని తెలుస్తుంది. జ్వరంతో ఉన్నాడో, తినకుండా పడుకున్నాడో తెలియదు. పరీక్షా అంతే, అడిగినదానికే జవాబు చెబుతుంది. ఇవాళ కృత్రిమ మేధ కూడా పరీక్షల కోడ్ రాసిస్తోంది. కానీ ఏం అడగాలో చెప్పాల్సింది మనమే.

నేర్చుకునేవారికి నాలుగు మాటలు. అసలు సైట్ మీద కాకుండా దాని కాపీ మీద నడపండి. "అయిదు సెకన్లు ఆగు" అని రాయకండి, నెట్ నెమ్మదిస్తే పరీక్ష ఊరికే ఫెయిలవుతుంది. "బటన్ వచ్చేదాకా ఆగు" అని రాయండి. "దరఖాస్తు అందింది" అన్న మాట చూసి సంతోషపడక, మళ్ళీ తెరిచి వివరాలు ఉన్నాయో లేదో చూడండి. ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే పరీక్షను అలాగే వదిలేయకండి. అది అలవాటైతే నిజమైన తప్పు వచ్చినా పట్టించుకోం.

చివరి తేదీన నెట్ సెంటర్ ముందు వరుసలో నిలబడ్డవాళ్ళం మనం. ఫారం ఎక్కడ ఆగిపోతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? ఆ అనుభవాన్ని చిన్నచూపు చూడకండి. ఇన్నాళ్ళూ ఎవరో పెట్టిన పరీక్షలు రాశాం. ఇక పరీక్షలు పెట్టేవాళ్ళమూ అవుదాం!

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ.