రిపోర్టు ఒకటే... జబ్బులు రెండు!

గుండె దడ, చేతుల వణుకు, బాగా తింటున్నా తగ్గిపోతున్న బరువు. రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా తక్కువ, థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువ. ఇంకేముంది, మాత్రలు మొదలుపెట్టడమే అనుకుంటారు చాలామంది. కానీ అక్కడే కాస్త ఆగాలి. ఇదే రిపోర్టు రెండు వేర్వేరు జబ్బుల్లో వస్తుంది.

మొదటిది గ్రేవ్స్ వ్యాధి. ఇందులో గ్రంథి అదుపు తప్పి హార్మోన్లను అతిగా తయారుచేస్తుంది. రెండోది థైరాయిడైటిస్, అంటే గ్రంథి వాపు. ఇందులో దెబ్బతిన్న గ్రంథి నుంచి అప్పటికే నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోతుంటుంది. గ్రేవ్స్‌కు వాడే కార్బిమజోల్ హార్మోన్ తయారీని తగ్గించే మందు. కారిపోయేదాన్ని అది ఆపలేదు. పైగా అరుదుగానైనా తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయే ముప్పు ఉంటుంది.

మరి తేడా తెలిసేదెలా? మెడ మీద జెల్ రాసి చేసే అల్ట్రాసౌండ్ ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి తెరపై ఒకే తీరుగా, తెల్లగా కనిపిస్తుంది. వాచిన చోట నల్లబడి, అంచులు సరిగా తెలియని మచ్చలు ఏర్పడతాయి. అయితే గ్రేవ్స్‌లోనూ గ్రంథి నల్లగా కనిపించవచ్చు. అందుకే రక్తప్రవాహాన్ని చూపే కలర్ డాప్లర్ కూడా చేస్తారు. గ్రేవ్స్ అయితే సాధారణంగా గ్రంథి అంతా ఎరుపు, నీలం రంగులతో నిండిపోతుంది. హార్మోన్ కారుతున్న వాపులో ఆ రంగులు చాలా తక్కువ.

జలుబు, ఫ్లూ తగ్గిన కొన్ని వారాలకు మెడ ముందు నొప్పి మొదలై చెవి దాకా పాకితే, జ్వరం కూడా ఉంటే థైరాయిడ్ వాపేమోనని అనుమానించాలి. గొంతు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ మింగితే ఫలితం ఉండదు. ప్రసవమైన ఏడాదిలోపు నొప్పి లేకుండానే ఈ వాపు రావచ్చు. ఐసోటోప్ స్కాన్ గర్భిణులకు పనికిరాదు, పాలిచ్చే తల్లులకూ జాగ్రత్తలు తప్పవు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు కాబట్టి ఆ భయం లేదు.

అలాగని స్కాన్ ఒక్కటే తీర్పు చెప్పదు. హార్మోన్ ఎంత ఉందో అందులో తెలియదు. అనుమానం మిగిలితే గ్రేవ్స్‌ను పట్టిచ్చే యాంటీబాడీ పరీక్ష చేయిస్తారు. వాపు చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. దడకు, నొప్పికి మందులు చాలు. కొందరిలో మాత్రం ఆ తర్వాత హార్మోన్ తగ్గిపోతుంది. దడ తగ్గింది కదా అని ఊరుకోకుండా, డాక్టర్ చెప్పిన గడువుకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి.