బలం పెరిగిన ఇంజన్లు, తట్టుకోలేని గేర్‌బాక్సులు
అమెరికా పికప్ ట్రక్కుల అనుభవం చెబుతున్నదేమిటి?

అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 4,61,839 డీజిల్ వాహనాలను గేర్‌బాక్సు లోపం కారణంగా వెనక్కి పిలిపించాలని 2024లో నిర్ణయించింది. 2020, 2021, 2022 నమూనాలకు చెందిన షెవర్లే సిల్వరాడో, జిఎంసి సియెర్రా పికప్ ట్రక్కులు ఈ జాబితాలో ప్రధానమైనవి. గేర్‌బాక్సులో చమురు పీడనాన్ని అదుపు చేసే ఒక కవాటం కాలక్రమంలో మితిమీరి అరిగిపోతున్నదని, పీడనం క్రమంగా పడిపోయి, అరుదుగా పరుగులో వున్న వాహనం వెనుక చక్రాలు క్షణకాలం బిగుసుకుపోవచ్చునని తేలింది. వెనుక బరువైన ట్రెయిలర్‌ను లాగుతూ వెళ్లే వాహనానికి ఇది ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

కంపెనీ చూపిన పరిష్కారం మరింత గమనార్హం. అన్ని వాహనాలలోనూ ఆ కవాటాన్ని ముందుగానే మార్చడం కాదు. గేర్‌బాక్సును నడిపే కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం. కవాటం అరుగుదల హద్దు మీరితే, చక్రాలు బిగుసుకునే దశకు దాదాపు 10,000 మైళ్ల ముందే ఈ సాఫ్ట్‌వేర్ దానిని పసిగట్టి, వాహనాన్ని ఐదవ గేరు దాటనివ్వకుండా ఆపుతుంది. ప్రమాదం తప్పుతుంది కాని, యజమాని పని మాత్రం ఆగుతుంది. కొత్త తరం భారీ పికప్ ట్రక్కుల సమస్య అంతా ఈ ఒక్క ఉదంతంలో ఇమిడి వుంది.

పోటీలో పెరిగిన లాగుడు బలం

అమెరికాలో భారీ పికప్ ట్రక్కు అంటే బరువుతో కలిపి 8,500 పౌండ్లు, అనగా సుమారు 3,850 కిలోలు దాటే వాహనం. మన లెక్కలో అది చిన్న లారీతో సమానం. భవన నిర్మాణ కాంట్రాక్టర్లు, పశుపోషకులు, రైతులు, ట్రెయిలర్లు లాగి జీవనం గడిపేవారు వీటిని కొంటారు. ఫోర్డ్, జనరల్ మోటార్స్, రామ్ సంస్థల మధ్య ఈ మార్కెట్ కోసం దశాబ్దాలుగా పోటీ సాగుతున్నది. ఎవరి బండి ఎక్కువ బరువు లాగుతుందనేదే ఆ పోటీలో ప్రధాన ప్రచారాంశం.

దీని ఫలితం అంకెలలో కనిపిస్తుంది. ఇంజన్ తిప్పుడు బలాన్ని టార్క్ అంటారు. ఫోర్డ్ 6.7 లీటర్ల డీజిల్ ఇంజన్ 2011 నమూనాలో మొదట 735 పౌండ్-అడుగుల టార్క్‌తో రాగా, 2023 నమూనాలోని అధిక సామర్థ్యపు రకంలో అది 1,200కు చేరింది. అంటే పన్నెండేళ్లలో అరవై శాతానికి పైగా పెరుగుదల. రామ్ సంస్థ 2019 నమూనాలో 1,000 మార్కు చేరుకున్నది. జనరల్ మోటార్స్ డీజిల్ ఇంజన్ 2024 నమూనాలో 975కు పెరిగింది.

ఇంజన్ పుట్టించిన ఈ బలమంతా గేర్‌బాక్సు గుండా, ప్రొపెల్లర్ షాఫ్ట్ గుండా, డిఫరెన్షియల్ గుండా ప్రయాణించి యాక్సిల్‌కు, చక్రాలకు చేరాలి. ఇంజన్‌ను బలపరచినంత మాత్రాన చాలదు. ఈ గొలుసులోని ప్రతి లంకెనూ అదే మేరకు బలపరచాలి. బలహీనమైన లంకె ఎక్కడ వుంటే భారం అక్కడే బయటపడుతుంది.

ఆరు గేర్ల నుంచి పదికి

కాగా, ఇదే కాలంలో గేర్‌బాక్సుల నిర్మాణం కూడా మారింది. 2020 నమూనాలతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ భారీ డీజిల్ పికప్‌లలో ఆరు గేర్ల ఆటోమేటిక్ స్థానంలో పది గేర్ల ఆటోమేటిక్‌ను ప్రవేశపెట్టాయి. గేర్లు ఎక్కువైతే ఇంజన్ తనకు అనువైన వేగంలోనే తిరుగుతుంది. ఇంధనం ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది, బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కడం సులువవుతుంది. ఉద్గారాల నిబంధనలు బిగుస్తున్న తరుణంలో కంపెనీలకు ఇది ఆకర్షణీయమైన మార్గమే.

అయితే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో గేరు మార్చేది డ్రైవర్ చెయ్యి కాదు, చమురు పీడనం. సన్నని మార్గాల గుండా పారే చమురును చిన్న చిన్న కవాటాలు అటూ ఇటూ మళ్లిస్తూ లోపలి క్లచ్‌లను పట్టిస్తాయి, విడిపిస్తాయి. ఏ క్షణంలో ఏది తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఒక క్లచ్ విడిచే క్షణమూ, మరొకటి పట్టే క్షణమూ సరిగ్గా కుదరాలి. పీడనం కొద్దిగా తగ్గినా గేరు జారుతుంది, కుదుపు వస్తుంది, చమురు కాగిపోతుంది. కాగిన చమురు తన గుణం కోల్పోయి అరుగుదలను మరింత పెంచుతుంది.

అయితే లోపమంతా గేర్ల సంఖ్యదే అనడం కూడా సరికాదు. రామ్ సంస్థ భారీ డీజిల్ పికప్‌లలో పాత ఆరు గేర్ల ఆటోమేటిక్‌నే చాలాకాలం కొనసాగించింది. ఎనిమిది గేర్లకు మారినది 2025 నమూనాతోనే. ఆ ఆరు గేర్ల వాహనాలకూ కష్టాలు తప్పలేదు. 2020 నుంచి 2023 వరకు నమూనాలకు చెందిన సుమారు రెండున్నర లక్షల వాహనాలను ఆ సంస్థ 2022లో వెనక్కి పిలిపించింది. గేర్‌బాక్సు లోపల వేడి, పీడనం పెరిగి, చమురు మట్టం చూసే గొట్టం గుండా చమురు బయటకు చిమ్మి మంటలు రేగే ప్రమాదం వున్నదన్నది కారణం. పాత నిర్మాణం మీద కొత్త బలాన్ని మోపినా, కొత్త నిర్మాణంలో సంక్లిష్టత పెంచినా, మూల్యం చెల్లించవలసి వస్తున్నదని ఈ రెండు ఉదంతాలూ తెలుపుతున్నాయి.

ప్రాణహానికి చట్టం, నష్టానికి కోర్టు

లోపం బయటపడినపుడు కొనుగోలుదారుకు రక్షణ ఏమిటన్నది అసలు ప్రశ్న. అమెరికాలో 1966లో వచ్చిన మోటారు వాహనాల భద్రతా చట్టం కింద, భద్రతకు ముప్పు తెచ్చే లోపాన్ని కంపెనీ ఉచితంగా సరిచేయాలి. చక్రాలు బిగుసుకోవడం, మంటలు రేగడం ఈ కోవలోకి వస్తాయి. కాని గేరు జారడం, బండి వణకడం, రెండు లక్షల కిలోమీటర్లు నడవవలసిన గేర్‌బాక్సు సగంలోనే చెడిపోవడం వంటివి సాధారణంగా ఈ పరిధిలోకి రావు. వాటికి వారంటీయే దిక్కు. భారీ పికప్‌లలో ఇంజన్, గేర్‌బాక్సులకు వారంటీ సాధారణంగా ఐదేళ్లు. దానిపై 60,000 మైళ్లనో, లక్ష మైళ్లనో పరిమితి వుంటుంది. పనికి తిప్పే బండి ఆ దూరాన్ని ఐదేళ్లకన్నా చాలా ముందే దాటగలదు. పైగా 2020లో కొన్న వాహనాలకు ఐదేళ్ల గడువు 2025తోనే ముగిసిపోయింది.

వారంటీ దాటితే కోర్టు తలుపు తట్టవలసిందే. జనరల్ మోటార్స్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ వాహనాలు వణకుతున్నాయంటూ 2015-2019 నమూనాల యజమానులు వేసిన ఉమ్మడి దావా ఇందుకు నిదర్శనం. దాదాపు 8 లక్షల వాహనాలకు సంబంధించిన ఆ దావాను 26 రాష్ట్రాల కొనుగోలుదారుల తరఫున ఉమ్మడిగా నడపడానికి దిగువ కోర్టు 2023లో అనుమతించింది. 2025లో అప్పీలు కోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. ఉమ్మడిగా పోరాడే మార్గం మూసుకుపోతే, ఒక గేర్‌బాక్సు ఖర్చు కోసం ఒంటరిగా కోర్టు చుట్టూ తిరిగే స్తోమత ఎందరికి వుంటుంది?

మన చట్టం మాటేమిటి?

భారతదేశంలో వాహన తయారీదారుల సంఘం 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళిని రూపొందించుకున్నది. మోటారు వాహనాల సవరణ చట్టం 2019లో 110-ఎ సెక్షన్‌ను చేర్చడంతో, లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించాలని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి లభించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఏడేళ్ల లోపు వాహనాలకు ఇది వర్తిస్తుంది. ప్రభుత్వమే ఆదేశించవలసి వస్తే కంపెనీపై 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కంపెనీ తనంతట తానే లోపాన్ని వెల్లడించి సరిచేస్తే జరిమానా వుండదు.

కాని ఇక్కడా అదే గీత వుంది. పర్యావరణానికో, డ్రైవర్‌కో, ప్రయాణికులకో, దారిన పోయేవారికో హాని కలిగించే లోపమే చట్టం దృష్టిలో లోపం. యజమాని జేబుకు కలిగే హాని అందులో లేదు. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక మన లారీలలోనూ ఎలక్ట్రానిక్స్ పాలు పెరిగింది. క్లచ్ తొక్కనవసరం లేని గేర్‌బాక్సులు వాణిజ్య వాహనాలలోకి వస్తున్నాయి. రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ ఒక రోజులో విప్పి బిగించిన గేర్‌బాక్సు కాలం మారుతున్నది. ఇక కంపెనీ డీలరు కంప్యూటర్ తగిలిస్తే తప్ప లోపమేమిటో తెలియని స్థితి రానున్నది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ 2016 నుంచి పికప్‌లు తయారు చేస్తున్నందున ఈ చర్చ మనకు మరీ దూరమైనదేమీ కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కొంత ఆసరా ఇస్తున్నది. వ్యాపారం కోసం కొన్నవారు సాధారణంగా వినియోగదారులు కాకపోయినా, కేవలం తన జీవనోపాధి కోసం, స్వయం ఉపాధిగా బండి కొన్నవారికి ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. అప్పు చేసి ఒకే లారీ కొని తానే నడుపుకునే యజమాని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పదుల సంఖ్యలో లారీలు తిప్పే సంస్థకు ఆ దారి దొరకడం కష్టం.

బండి నిలిచిపోయినా నెలవారీ కిస్తీ నిలిచిపోదు. చిన్న యజమానికి గేర్‌బాక్సు లోపం యంత్ర సమస్య కాదు, బతుకు సమస్య. కనుక ఇంజన్ బలాన్ని ప్రకటనలలో ఘనంగా చాటుతున్న కంపెనీలు, ఆ బలాన్ని చక్రాలకు చేర్చే భాగాలు ఎన్ని కిలోమీటర్లు నిలుస్తాయో కూడా చెప్పి, అంతవరకు పూచీ వహించాలి. లోపం ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగకుండా, ఒకే భాగం పదేపదే చెడుతున్నపుడే ఫిర్యాదులను లెక్కించి ప్రశ్నించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. అమెరికాలో లక్షల వాహనాలు రోడ్డెక్కిన తరువాత నేర్చుకున్న పాఠాన్ని మనం ముందుగానే నేర్చుకునే అవకాశం వుంది.