ఫెర్నాండెజ్ ఖాతాలో నేను తప్పుగా వేసిన పద్దు

జార్జి ఫెర్నాండెజ్ పేరు ఎత్తితే మన హేతువాద మిత్రుల్లో రెండు రకాలవాళ్ళు కనిపిస్తారు. సంకెళ్ళతో చెయ్యి పైకెత్తిన ఆ ఎమర్జెన్సీ ఫోటో గుర్తొచ్చి పొంగిపోయేవాళ్ళు ఒక రకం. "ఆ శవపేటికల దొంగేనా?" అని మొహం తిప్పుకునేవాళ్ళు రెండో రకం. నేను చాలాకాలం రెండో రకంలో ఉన్నాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల్లోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి నా తప్పు మిగతావాళ్ళ తప్పు కన్నా పెద్దది.

ముందు మనిషి సంగతి. 1930లో మంగుళూరులో పుట్టాడు. ఫాదరీ కావాలని ఇంట్లోవాళ్ళు బెంగుళూరు సెమినరీకి పంపారు. అక్కడ పెద్ద ఫాదర్లకి ఎత్తు బల్లలు, మంచి తిండి. కుర్రాళ్ళకి వేరే తిండి. అది చూసి విరక్తి పుట్టి బయటికొచ్చానని తర్వాత తనే చెప్పుకున్నాడు. మనలో చాలామందిమి ఇంగర్‌సాల్‌నీ రస్సెల్‌నీ చదివి మతం నుంచి బయటపడ్డాం. ఇతనికి భోజనాల గది చాలింది. 1949లో బొంబాయి చేరి, పేవ్‌మెంట్ల మీద పడుకుని, రేవు కార్మిక నాయకుడు ప్లాసిడ్ డిమెల్లో దగ్గర యూనియన్ పని నేర్చుకున్నాడు. టాక్సీ డ్రైవర్లు, హోటల్ పనివాళ్ళు, మునిసిపల్ కార్మికులు అతని బలం. ఆ బలంతోనే 1967లో దక్షిణ బొంబాయిలో కాంగ్రెస్ మహారథి ఎస్.కె. పాటిల్‌ని ఓడించి లోక్‌సభకి వెళ్ళాడు.

1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెకి అతనే నాయకుడు. నేనప్పుడు హైస్కూలు కుర్రాణ్ణి. రైళ్ళు ఆగాయన్నదే నాకు తెలుసు, ఎందుకు ఆగాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంజన్ సిబ్బందికి ఎనిమిది గంటల పని, బోనస్, ప్రభుత్వరంగ సంస్థలతో సమానంగా జీతాలు అడిగారు. వేలమందిని జైళ్ళలో పెట్టారు, ఉద్యోగాలు తీశారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలని వెళ్ళగొట్టారు. 20 రోజులకి సమ్మె విరమించారు. ఏమీ సాధించలేదని అప్పుడు అందరూ రాశారు. కానీ 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక తీసేసినవాళ్ళని మళ్ళీ తీసుకున్నారు. 1979లో రైల్వే ఉద్యోగులకి బోనస్ కూడా వచ్చింది. ఏ సంవత్సరం లెక్క ఆ సంవత్సరమే మూసేస్తే ఇలాంటి జమలు కనపడవు.

1998లో రక్షణ మంత్రి అయ్యాడు. సియాచిన్‌కి స్నో స్కూటర్ల కొనుగోలు ఫైలు నానబెట్టిన అధికారులని అక్కడికే పంపి చలి చూపించమన్నాడని పత్రికల్లో వచ్చింది. మా ఆఫీసులో చాలామంది నొచ్చుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఎందుకంటే ఫైళ్ళు ఎలా నానతాయో నాకు తెలుసు.

ఇక శవపేటికలు. కార్గిల్ యుద్ధం తర్వాత అమెరికా కంపెనీ నుంచి 500 అల్యూమినియం పేటికలు, ఒక్కోటి 2500 డాలర్ల చొప్పున కొనడానికి ఒప్పందం జరిగింది. 2001 డిసెంబరులో కాగ్ నివేదిక దానికి అభ్యంతరం చెప్పింది. పార్లమెంటులో "కఫన్ చోర్" అని కేకలు. నేను కూడా 2002లో ఒక కరపత్రం రాశాను. ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి పేరు వేసుకోలేదు. ఆడిట్ పేరా అంటే సంజాయిషీ అడగడం, నేరం రుజువు కావడం కాదు. ఇది నా కింద పనిచేసిన కుర్రాళ్ళకి నేనే వందసార్లు చెప్పి ఉంటాను! 2009లో సి.బి.ఐ. వేసిన చార్జిషీటులో ఫెర్నాండెజ్ పేరు లేదు. 2013లో కోర్టు నిందితులనే డిశ్చార్జి చేసింది. బాబాల మహిమలకి రుజువు అడిగే నేను ఈ దొంగతనానికి రుజువు అడగలేదు. వినడానికి బాగుంది, నమ్మేశాను.

అలాగని అతన్ని వెనకేసుకు రావడం లేదు. ఖర్చు రాయవలసినవి వేరే ఉన్నాయి, వాటికి ఏ కాగ్ కూడా అక్కర్లేదు. 1979 జులైలో మొరార్జీ ప్రభుత్వాన్ని లోక్‌సభలో గట్టిగా సమర్థించి, రోజులు తిరక్కుండానే రాజీనామా ఇచ్చి అవతలి పక్షంలో చేరాడు. ఏళ్ళ తరబడి అణుబాంబుని వ్యతిరేకించినవాడు 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల నాటికి రక్షణ మంత్రి కుర్చీలో ఉండి సమర్థించాడు. 2001 మార్చిలో తెహల్కా టేపులకి రాజీనామా చేసి, విచారణ ముగియకుండానే అక్టోబరులో తిరిగొచ్చాడు. 2002లో గుజరాత్ మీద చర్చలో, ఆడవాళ్ళ మీద అలాంటి ఘోరాలు కొత్తేమీ కాదన్నట్టు మాట్లాడాడు. పేవ్‌మెంట్ మీద పడుకుని పేదవాళ్ళ పక్షాన నిలబడ్డ మనిషి నోట ఆ మాట! నా కరపత్రంలో దాని గురించి ఒక్క వాక్యం లేదు. పేటికలతోనే పేజీ నిండిపోయింది.

2019 జనవరి 29న అతను పోయాడు. ఆ సాయంత్రం పాత ఫైలు తీసి, కరపత్రం మార్జిన్‌లో "అభ్యంతరం ఉపసంహరించడమైనది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఈసారి నా పేరుతోనే.