ఇంటి కంప్యూటరునకు కావలి: ఉచితమా, వెలపెట్టియా?

మా పాఠశాలలో విద్య నభ్యసించు బాలబాలికలలో ననేకుల యిండ్లయందు నిప్పుడు కంప్యూటరు కలదు. పిల్లల పాఠములు, తండ్రిగారి బ్యాంకు లెక్కలు, తల్లిగారు భద్రపఱచిన కుటుంబపు ఛాయాచిత్రములు, ఇంటి పన్ను రసీదులు, అన్నియు నా యొక్క పెట్టెయందే యుండుచున్నవి. యంత్రమును కొన్ననాడే అంగడివాడు, "దీనికి యాంటీవైరసు కూడ కొనుడు, లేనిచో ప్రమాదము" అని చెప్పుట పరిపాటి. ఏడాది గడచునప్పటికి "మీ చందా ముగిసినది, రక్షణ పోయినది" అని తెరమీద నెఱ్ఱని యక్షరములు కానవచ్చును. మఱియొకవంక, "ఉచితముగా దొరకుచుండగా డబ్బేల పెట్టవలయును?" అని యింటిలోని పెద్దపిల్లవాడు వాదించును. ఈ రెండు మాటలలో నేది నమ్మదగినదో తెలియక తికమకపడు తలిదండ్రులు పెక్కుమంది గలరు. విషయము చిన్నదిగా దోచినను, పొదుపుగా సంసారము నడుపుకొను కుటుంబమునకు ఏటేట కట్టవలసిన చందా చిన్నది గాదు. పోయిన పత్రములు తిరిగి రాకుండుట యంతకన్నను చిన్నది గాదు. కావున దీనిని గూర్చి మా యభిప్రాయమును సకారణముగా చదువరుల యెదుట నుంచుచున్నాము.

మొదట శత్రువెవ్వడో యెఱుగవలయును. కంప్యూటరు వైరసనునది జీవము గల పురుగు గాదు. మనుష్యుడు వ్రాసిన యాజ్ఞల సమూహము. అది తన్ను తానే నకలు చేసికొనుచు, యజమాని యనుమతి లేకయే యొక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు ప్రాకును. 1971వ సంవత్సరమున అమెరికాలోని ఆర్పానెట్టు అను యంత్రజాలములో "క్రీపరు" అనునది సంచరించెను. అది ప్రయోగార్థము వ్రాయబడినదే గాని హాని చేయుటకు గాదు; దానిని వెదకి తొలగించుటకు "రీపరు" అను మఱియొకటి వ్రాయబడినది. 1986వ సంవత్సరమున లాహోరు నగరమునందలి యిద్దఱు సోదరులు వ్రాసిన "బ్రెయిన్" అను వైరసు ఫ్లాపీ బిళ్లల మూలమున దేశదేశములకు వ్యాపించెను. నాటివి ప్రయోగములకొఱకో, ప్రతిభాప్రదర్శనముకొఱకో పుట్టినవి పెక్కు. నేడు పుట్టునవి చాలవఱకు ధనార్జనకొఱకే పుట్టుచున్నవి. పత్రములకు తాళము వేసి విడుదలకు సొమ్మడుగునవి కొన్ని. రహస్యపదములను దొంగిలించునవి కొన్ని. మన యంత్రమును మనకు తెలియకయే దొంగల పనికి వాడుకొనునవి కొన్ని.

2017వ సంవత్సరము మే నెలలో "వానాక్రై" అను తాళపు వైరసు సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములను పట్టుకొనెను. ఇంగ్లండు దేశమున వైద్యశాలలు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని వాత బడెను. ఇందు గమనింపదగిన సంగతి యొకటి గలదు. ఆ వైరసు చొరబడు రంధ్రమును పూడ్చు నవీకరణమును మైక్రోసాఫ్టువారు, తాము అప్పటికి పోషించుచున్న విండోసులకు, మార్చి నెలలోనే యుచితముగా నిచ్చియుండిరి. దానిని వేసికొన్న యంత్రములకు ఆ త్రోవను కీడు రాలేదు. వేసికొనక "రేపు చూతము" అనుకొన్నవే చిక్కుకొనినవి. డబ్బు పెట్టుట పెట్టకపోవుట యను ప్రశ్నకు ముందే జాగరూకత యను ప్రశ్న యున్నదని దీనివలన విశదమగుచున్నది.

ఇక యాంటీవైరసు చేయు పని యేమి? అది యింటి కావలివాని వంటిది. వానికి రెండు విద్యలు గలవు. మొదటిది ఆనవాలు పట్టుట. అనగా దొరకిన దొంగల గుర్తుల జాబితాను చేత నుంచుకొని, లోనికి వచ్చు ప్రతి పత్రమును దానితో సరిచూచుట. క్రొత్త జాబితా దినదినము రాకున్నచో నీ విద్య "దొంగలు పడిన యాఱు నెలలకు కుక్కలు మొఱిగినట్లు" వ్యర్థమగును. రెండవది నడవడి చూచుట. అనగా మున్నెన్నడు నెఱుగని ప్రోగ్రామైనను, ఒక్కుమ్మడిగా వందల పత్రములను మార్చ నారంభించినచో దాని నడ్డగించుట. ఇప్పటి రక్షకములు అనుమానము గలిగినప్పుడు ఇంటర్నెట్టు ద్వారా తమ కేంద్రమును ప్రశ్నించి నిర్ణయించుకొనును. ఈ రెండు విద్యలును వెల పెట్టి కొన్నదానికే గాని ఉచితమైనదానికి లేవనుకొనుట పొరపాటు. ఒకే కంపెనీవారి యుచిత ప్రతియు, వెలగల ప్రతియు వైరసును పట్టు విషయమున నొకే యంత్రాంగముతో పనిచేయుట తఱచు.

ఉచితమనబడునవి యన్నియు నొక్క జాతివి గావు. వానిని మూడు తెగలుగా విభజింపవలయును. మొదటి తెగ, యంత్రముతోడనే వచ్చునది. మైక్రోసాఫ్టువారు 2009వ సంవత్సరమున నొక యుచిత రక్షకమును వెలువరించి, 2012లో వచ్చిన విండోసు 8 మొదలుకొని డిఫెండరు అను పేర దానిని విండోసులోనే చేర్చిరి. విండోసు కొన్నవాడు దాని వెలయు నందే చెల్లించినాడు. ఆపిల్ వారి యంత్రములయందును ఎక్స్‌ప్రొటెక్టు అను నిట్టి కావలియే కలదు. రెండవ తెగ, యాంటీవైరసు కంపెనీలవారు తమ వెలగల సరకునకు రుచి చూపుట కిచ్చు నుచిత ప్రతులు. మూడవ తెగ, "మీ కంప్యూటరులో 47 వైరసులున్నవి, ఇక్కడ నొక్కుడు" అని యకస్మాత్తుగా తెరపై దుమికి భయపెట్టునవి. ఇవి రక్షకవేషము ధరించిన దొంగలే గాని వేఱు గావు. మొదటి తెగను నమ్మవచ్చును. రెండవదానిని విచారించి గ్రహింపవలయును. మూడవదానిని గడప యెక్కనీయరాదు.

రెండవ తెగను విచారించి యన్నమాటకు కారణము గలదు. అవాస్టు అను ప్రసిద్ధమైన యుచిత యాంటీవైరసును కోట్లకొలది జనులు వాడుచుండిరి. వారు వెబ్బులో నెక్కడెక్కడ తిరిగిరో ఆ వివరములను ఆ కంపెనీ తన యనుబంధ సంస్థయైన జంప్‌షాటు ద్వారా అమ్ముకొనుచున్నదని 2020వ సంవత్సరము జనవరిలో పత్రికలవారు బయలుపఱచిరి. వెంటనే ఆ యనుబంధ సంస్థ మూతబడెను. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికా దేశపు ఫెడరల్ ట్రేడు కమిషనువారు 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లింపవలయుననియు, ప్రకటనలకై యట్టి వివరముల నమ్మరాదనియు నిర్ణయించిరి. కంచెయే చేను మేసినచో చెప్పుకొనుట కెవ్వరు గలరు? పైకము పుచ్చుకొనని వర్తకుడు మఱియెట్లు బ్రదుకుచున్నాడో తెలిసికొనుట కొనువాని ధర్మము. కొందఱు వెలగల ప్రతికి ప్రకటనలు చూపి బ్రదుకుచున్నారు. అది దోషము గాదు. మన యింటి గుట్టు నమ్మి బ్రదుకుట మాత్రము దోషమే.

ఇట్లు చెప్పగానే, "పిండి కొలదియే రొట్టె, డబ్బు పెట్టినవానికే మంచి రక్షణ" అని కొందఱందురు. మేము దీని నంగీకరింపజాలము. జర్మనీలోని మాగ్డెబర్గున గల ఏవీ-టెస్టు, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్కున గల ఏవీ-కంపారటివ్స్ అను సంస్థలు ఈ రక్షకములకు క్రమముగా పరీక్షలు పెట్టి ఫలితములను ప్రకటించుచున్నవి. ఏవీ-టెస్టువారి పరీక్షలో డిఫెండరు ఇటీవలి యేండ్లలో పలుమాఱులు 18 మార్కులకు 18 సంపాదించినది. ఇంటర్నెట్టు తెగియున్నప్పుడు దాని ప్రజ్ఞ కొంత తగ్గునన్న మాట నిజమే. వెలగలవానిలో కొన్ని యా సమయమున దానికన్న మెఱుగు. అయినను ఇది ఆకాశపాతాళముల యంతరము గాదు.

వెల యెక్కువైనంత మాత్రమున ఆపద రాదనుటయు సరిగాదు. 2024వ సంవత్సరము జూలై 19వ తేదీన పెద్ద వ్యాపారసంస్థలు భారీగా సొమ్మిచ్చి వాడుకొను క్రౌడ్‌స్ట్రయికు అను రక్షకము లోపముతో గూడిన నవీకరణమును పంపుటచే సుమారు 85 లక్షల విండోసు యంత్రములు స్తంభించినవి. మన హైదరాబాదు విమానాశ్రయమునందును ప్రయాణికులకు చేతివ్రాత చీటీ లీయవలసి వచ్చెను.

అయినచో వెలపెట్టి కొనుట యెవ్వరికిని తగదా? అట్లనుట పక్షపాతము. ఇంటి యంత్రముమీదనే వ్యాపారపు లెక్కలు, కక్షిదారుల కాగితములు, రోగుల వివరములు ఉంచుకొనువారికి అది తగును. ఇతరుల సొత్తును కాపాడు బాధ్యత వారిపై గలదు. ఇంటర్నెట్టు సరిగా నందని యూళ్లలో నుండి, పెన్‌డ్రైవులతోనే పని జరుపుకొనువారికి తగును. చిక్కు గలిగినప్పుడు ఫోనులో పలికి దారి చూపు మనిషి కావలయునను వృద్ధులకు తగును. పూనాలోని క్విక్‌హీలు, చెన్నపట్టణములోని కె7 వంటి స్వదేశపు కంపెనీలు ఈ పనిలో ననుభవము గలవి. కొనువారు మూడు సంగతులు చూచుకొనవలయును. మొదటి యేటి తగ్గింపు ధర గాక రెండవ యేటి ధర యెంత? గడువు తీఱగానే అడుగకయే బ్యాంకు ఖాతానుండి సొమ్ము లాగుకొను నేర్పాటున్నదా? ఒక చందా యెన్ని యంత్రములకు చెల్లును? ఇంకొక మాట: రెండు యాంటీవైరసులను ఒకేసారి కావలి పెట్టరాదు. ఒకదానినొకటి దొంగ యనుకొని పోరాడుకొనును; యంత్రము నత్తనడక నడచును.

ఏది యేర్పఱచుకొన్నను, ఇల్లలుకగానే పండుగ గాదు. యాంటీవైరసు వలన గాని పనులు కొన్ని గలవు. విండోసు 10 నకు సాధారణ సంరక్షణ 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. రంధ్రములు పూడ్చు నవీకరణములు రాని యంత్రముపై వేల రూపాయల యాంటీవైరసు పెట్టుట, గోడ కూలిన యింటి తలుపునకు ఇత్తడి తాళము వేయుటయే. ఆటలను, సాఫ్ట్‌వేరులను ధర తప్పించుకొనుటకై "క్రాకు" అను దొంగప్రతులు దింపుకొను బాలుడు కావలివానికి సెలవిచ్చి దొంగను తానే పిలుచుచున్నాడు. ఏలయన నవి పనిచేయుటకు "మొదట యాంటీవైరసును ఆపుడు" అని వ్రాసియుండుట మామూలు. ఫోనులో పోలీసువేషము వేసి "డిజిటల్ అరెస్టు" అని బెదిరించువానిని గాని, ఓటీపీ యడుగువానిని గాని ఏ యాంటీవైరసును ఆపజాలదు. అట్టి యరెస్టు మన చట్టములో లేనే లేదు. మోసపోయినవారు సిగ్గుపడక తత్‌క్షణమే 1930 అను నంబరునకు ఫోను చేయవలయును. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము నిలుపుట కంత యవకాశము.

కాబట్టి మా నిశ్చయాభిప్రాయ మిది. సామాన్య కుటుంబమునకు యంత్రముతో వచ్చిన యుచిత రక్షకమే చాలును. అది నడచుచున్నదా, నవీకరణములు పడుచున్నవా యని వారమున కొకసారి చూచుకొనిన చాలును. అనుమానము దోచినచో భారత ప్రభుత్వమువారు 2017లో స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమువారు శుద్ధిసాధనముల నుచితముగా నిచ్చుచున్నారు. చందాకు పెట్టదలచిన సొమ్ముతో విడిగా నొక హార్డుడిస్కు కొని, ముఖ్యమైన పత్రములకు నెలకొకసారి నకలు తీసి, పని ముగిసిన వెంటనే దానిని యంత్రమునుండి వేఱుచేసి బీరువాలో దాచుట మేలు. తగిలించియే యుంచినచో తాళపు వైరసు దానికిని తాళము వేయును. నకలు గలవానికి సొమ్మడుగు దొంగవలన భయము తగ్గును. నకలు లేనివానికి ఎంత ఖరీదైన కావలి యున్నను చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే గతి. పిల్లలకు యజమాని యధికారములు లేని వేఱొక ఖాతా తెఱచి యిచ్చుట రెండవ మేలు. దీనికి పైస ఖర్చు లేదు.

విద్యార్థులారా! మీ సంచిలోని పెన్‌డ్రైవు ఇంటినుండి జిరాక్సు అంగడికిని, అంగడినుండి పాఠశాలకును, పాఠశాలనుండి స్నేహితుని యింటికిని తిరుగుచున్నది. ఒక్కరి యశ్రద్ధ పదిమంది సొత్తునకు చేటగును. దానిని ప్రతి చోటను పరీక్షింపక తెఱవకుడు. తలిదండ్రులారా! అంగడివాడు భయపెట్టెనని కొనకుడు. ఉచితమని యెవ్వడో యనెనని దింపుకొనకుడు. ఒక ఆదివారము సాయంకాలము పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంటి కంప్యూటరున నేమున్నది, దానిలో పోగొట్టుకొనరానిది యేది, దాని నకలెక్కడ నున్నది యని విచారింపుడు. ఆ మూడు ప్రశ్నలకు ఉత్తరము దొరకిన యింటిలో, చందా కట్టవలయునా వద్దా యను ప్రశ్న తనంతట తానే తీఱగలదు.