తూకం ఒక్కటే ఉండాలి

ఆడవాళ్ళ చరిత్రలు రాయడానికి మన సమాజం ఎన్నడూ కలం కోసం వెతుక్కోలేదు. "ఆవిడ సంగతి తెలియందెవరికి?" అనే ఒక్క మాటతో ఒక మనిషి బతుకంతా తేల్చేసే అలవాటు తరతరాలుగా ఉంది. ఎవరు చూశారు, ఎప్పుడు జరిగింది, రుజువేమిటి అని అడిగే నాథుడు లేడు. ఊరి నోట పుట్టిన ఇలాంటి చరిత్రలు ఇప్పుడు ఇంటర్నెట్టులోకి, అందరూ ఉచితంగా చదువుకునే విజ్ఞాన సర్వస్వంలోకి కూడా ఎక్కుతున్నాయి. అందుకే ఈ సంచికలో ఒక చిక్కు విషయం ఎత్తుకుంటున్నాను. బతికి ఉండి, వివాదాల్లో ఉన్న మనుషుల జీవిత చరిత్రలను వికీపీడియాలో ఎలా రాయాలి? ఉద్యమంలో ఉన్న మనం ఆ పనిలో ఏ నియమానికి కట్టుబడాలి?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. ఇప్పుడందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. చేసిన ప్రతి మార్పూ 'చరిత్ర' అనే పేజీలో నమోదవుతుంది. తగవు వస్తే మాట్లాడుకోవడానికి ప్రతి వ్యాసానికీ ఒక 'చర్చ' పేజీ ఉంటుంది. అందరూ కలిసి చర్చించుకునే చోటుకు తెలుగువాళ్ళు పెట్టుకున్న పేరు రచ్చబండ. పేరు బాగానే ఉంది. కానీ ఊళ్ళో రచ్చబండ మీద ఆడవాళ్ళకు ఎంత చోటు దక్కిందో మనకు తెలుసు. ఈ కొత్త రచ్చబండ మీద మన చోటు మనమే తీసుకోవాలి. తీసుకునేటప్పుడు అక్కడి నియమాలు మనకు మేలు చేసేవా, కీడు చేసేవా అన్నది ఆలోచించుకోవాలి.

2023 నవంబరు ఎన్నికల్లో కామారెడ్డి పేరు దేశమంతా వినిపించింది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన ఎ. రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ పోటీ చేశారు. ఇద్దరినీ ఓడించి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. ఇంతటి పోటీ జరిగేచోట అభ్యర్థి జీవిత చరిత్ర ఓటరుకు సమాచారం, కార్యకర్తకు ఆయుధం. అభిమాని పొగడ్తలు చేరుస్తాడు, ప్రత్యర్థి నిందలు చేరుస్తాడు. మధ్యలో నిజం నలిగిపోతుంది.

కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో మన కార్యకర్తలతో కూర్చున్నప్పుడు నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "అక్కా, ఫలానా నాయకుడు ఇంట్లో భార్యను ఎట్లా చూసిండో మాకు తెలుసు. ఆయన గురించి రాసినకాడ అంతా సమాజసేవే ఉన్నది. మనమే అసలు సంగతి రాస్తే ఏమైతది?" ఆ కోపం న్యాయమైనదే. అయినా నా జవాబు ఒక్కటే. మనకు తెలిసినంత మాత్రాన అక్కడ రాయడానికి వీల్లేదు. రాయకూడదు కూడా.

ఎందుకు రాయకూడదో చెప్పడానికి ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 2005 మే నెలలో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ గురించిన వ్యాసంలో, కెన్నెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందని ఒకప్పుడు అనుమానించారంటూ పేరు చెప్పని వ్యక్తి ఎవరో రాసిపెట్టాడు. అది పచ్చి అబద్ధం. సీగెంథాలర్ రాబర్ట్ కెన్నెడీ దగ్గర పనిచేసినవాడు. ఆ అబద్ధం నాలుగు నెలలకు పైగా అక్కడే ఉండిపోయింది. ఆ ఏడాది నవంబరులో ఆయన ఒక పెద్ద దినపత్రికలో ఈ సంగతి బయటపెట్టాక ఇంగ్లీషు వికీపీడియా బతికి ఉన్నవారి విషయంలో ప్రత్యేక నియమం చేసుకుంది. బతికి ఉన్న మనిషి గురించి వివాదాస్పదమైన మాటకు నమ్మదగిన మూలం లేకపోతే, అది మంచైనా చెడైనా, చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసెయ్యాలన్నది దాని సారాంశం.

సీగెంథాలర్‌కు జవాబు చెప్పుకోవడానికి ఒక పెద్ద పత్రిక ఉంది. ఎల్లారెడ్డి మండలంలో ఒక దళిత మహిళా సర్పంచికి ఏ పత్రిక ఉంది? ఆమె మీద ఒక వాక్యం రాస్తే ఎక్కడికి పోయి మొరపెట్టుకుంటుంది? ఆమెను కాపాడేది ఆ నియమమే. మనకు నచ్చని నాయకుడి దగ్గర ఆ నియమాన్ని మనం తుంగలో తొక్కితే, రేపు మన మనిషి దగ్గర దాన్ని పట్టుకుని నిలదీసే అర్హత మనకు ఉండదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: మనకు కానివాడికీ, మన మనిషికీ తూకం ఒక్కటే ఉండాలి.

ఇది చెప్పినంత సులువు కాదు. మన జిల్లాలకు బాగా తెలిసిన కల్వకుంట్ల కవితనే తీసుకుందాం. నిజామాబాదు నుంచి 2014లో లోకసభకు ఎన్నికయ్యారు. ఢిల్లీ మద్యం విధానం కేసులో ఈడీ ఆమెను 2024 మార్చి 15న అరెస్టు చేసింది. 2024 ఆగస్టు 27న సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. అరెస్టు మాట అసలే ఉండకూడదంటారు అభిమానులు. మొదటి వాక్యంలోనే ఉండాలంటారు వ్యతిరేకులు. తటస్థంగా రాసేవారు రెండు సంగతులనూ తేదీలతో రాస్తారు. అరెస్టయింది కాబట్టి దోషి అనరు. బెయిలు వచ్చింది కాబట్టి నిర్దోషి అనరు. ఆ తర్వాత ఏ కోర్టు ఏం చెప్పినా అదీ తేదీతో చేరుస్తారు. ఆమె రాజకీయ జీవితాన్నంతా ఆ కేసు మింగెయ్యకుండా చూస్తారు. ఆమె రాజకీయాలు మనకు నచ్చాయా లేదా అన్నది అక్కడ అక్కరలేని ప్రశ్న.

నిందితుడు, దోషి అనే రెండు మాటల మధ్య దూరం ఎంతో మన ఉద్యమానికి ఎవరూ నేర్పనక్కరలేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన అత్యాచారం, హత్య తర్వాత డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపారు. ఊరంతా పూలు చల్లుతుంటే, విచారణ లేకుండా శిక్ష ఏమిటని హైకోర్టు తలుపు తట్టినవారిలో మహిళా సంఘాలవాళ్ళు ఉన్నారు. ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. అదే ఘటనలో చనిపోయిన అమ్మాయి పేరు, ఫొటో ఊరూరా తిరిగాయి. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని చట్టం చెబుతున్నా ఎవరూ ఆగలేదు. పాత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ చెప్పేది అదే. సానుభూతితో రాసినా సరే, బాధితురాలి పేరు రాయడం ఆమెకు మేలు కాదు.

గోప్యత అనేది బాధితులకే పరిమితం కాదు. 2016 ఆగస్టులో పి.వి. సింధు రియో ఒలింపిక్స్‌లో రజత పతకం గెలిచిన రోజుల్లో ఆమె ఆట గురించి కాక, ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవారు మన రెండు రాష్ట్రాల్లోనే ఎక్కువన్న వార్త వచ్చింది. సిగ్గుపడవలసిన వార్త అది. బతికి ఉన్న మనిషి కులాన్ని, ఆ మనిషి తానుగా చెప్పుకుంటే తప్ప, ఇంటిపేరు చూసి ఊహించి రాయరాదని ఇంగ్లీషు వికీపీడియాలో ఒప్పందం ఉంది. మనం దాన్ని తెలుగులోనూ పాటించాలి. అంటే కులం మాటే ఎత్తకూడదని కాదు. ఎల్లారెడ్డి నుంచి 1967లో, 1972లో గెలిచిన ఈశ్వరీబాయి గురించి రాస్తూ ఆమె దళిత రాజకీయాన్ని దాచిపెడితే అది తటస్థత కాదు, ద్రోహం. ఆమె తన అస్తిత్వాన్ని తానే జెండాగా ఎత్తుకున్న మనిషి. 1967లో ఆమె ఓడించింది మరో దళిత నాయకురాలిని, టి.ఎన్. సదాలక్ష్మిని. సదాలక్ష్మి డిప్యూటీ స్పీకరుగా, మంత్రిగా పనిచేసి, 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచినవారు. ఇద్దరి మధ్యా ఎవరి పక్షం వహించకుండా ఇద్దరి చరిత్రా నిండుగా రాయడమే తటస్థత.

ఇక్కడ కొందరికి ఒక అనుమానం వస్తుంది. తటస్థత అంటే నోరు మూసుకోవడమేనా? కొట్టినవాడికీ దెబ్బలు తిన్నామెకూ చెరిసగం పంచడమేనా? కాదు. నమ్మదగిన మూలాలు గట్టిగా చెబుతున్నదాన్ని గట్టిగానే రాయాలి. కోర్టు శిక్ష వేస్తే వేసిందని, కమిషన్ తప్పుపడితే తప్పుపట్టిందని సూటిగా రాయాలి. పెద్దమనిషి పరువు కోసం దాన్ని అడుగున పడెయ్యడం కూడా పక్షపాతమే. ఏది ముందు రాస్తాం, ఏది వెనక రాస్తాం అన్నదాంట్లో కూడా పక్షపాతం దాక్కుంటుంది. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు ఫిల్మ్ ఛాంబర్ దగ్గర నటి శ్రీరెడ్డి చేసిన నిరసననే చూడండి. ఆమె ఎలా నిరసన తెలిపిందో రాసి, ఎందుకు తెలిపిందో వదిలేస్తే ప్రతి అక్షరమూ నిజమే అయినా మొత్తం అబద్ధమవుతుంది. సినిమా రంగంలో లైంగిక వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీ వేయవలసి వచ్చిందన్నది కూడా ఆ కథలో భాగమే. ఆమె తర్వాతి మాటలతో, చేతలతో మనకు పేచీ ఉండవచ్చు. వాటినీ మూలాలతోనే రాయాలి.

అసలు కష్టం మూలాల దగ్గరే ఉంది. మూలం అంటే అచ్చయిన పుస్తకం, పేరున్న పత్రిక, ప్రభుత్వ నివేదిక. వాటిలో ఆడవాళ్ళు ఎక్కడున్నారు? 2014 నాటికి ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో స్త్రీలవి నూటికి పదిహేను. ఎందరో పూనుకుని రాసినా ఇప్పటికీ ఇరవై దగ్గరే ఉన్నాయి. భౌతికశాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ మీద వ్యాసం రాస్తే, తగిన మూలాలు లేవని 2018 మే నెలలో తిప్పికొట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. కానీ సర్పంచి గెలిస్తే పూలదండ భర్త మెడలో పడుతుంది, వార్తలో మాట ఆయనదవుతుంది. పత్రికలో లేని మనిషి విజ్ఞాన సర్వస్వంలోకి ఎలా వస్తుంది?

కాబట్టి నియమాన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా మూలాలు పుట్టించే పని మనం చెయ్యాలి. సదాలక్ష్మి బతుకు కథను గోగు శ్యామల పుస్తకంగా తెచ్చారు. 'నేనే బలాన్ని' 2011లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా వచ్చింది. ఇప్పుడు ఆమె గురించి రాసేవారికి ఆధారం ఉంది. అలాంటి పుస్తకాలు ఇంకెన్ని రావాలి? మన సంఘాల నివేదికల్లో తేదీ, ఊరు, తీర్మానం స్పష్టంగా ఉండాలి. సర్పంచిని ఆమె మాటల్లోనే పలకరించమని విలేకరులను అడగాలి. జిల్లా పేజీల్లో వచ్చిన వార్తలను తేదీతో కత్తిరించి దాచాలి.

ఇక ఆ నాయకుడి విషయంలో ఏం చెయ్యాలి? ఆమె సరేనంటే, ఆమె పక్కన నిలబడి గృహహింస చట్టం కింద ఫిర్యాదు పెట్టించాలి, లాయరును చూడాలి. రుజువు నిలవవలసిన చోటు కోర్టు. తీర్పు వచ్చి, అది పత్రికల్లో వచ్చిన రోజున ఆ వాక్యం రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తొందరపడి ఈరోజే రాస్తే గంటలో ఎవరో తీసేస్తారు. ఈలోగా ఆమె ఒప్పుకోకుండానే ఆమె సంసారం వీధిన పడుతుంది. పరువునష్టం దావా పడితే రాసినామె కోర్టు మెట్లెక్కాలి. అసలు గొడవ వెనక్కిపోయి, మన మాట మీద గొడవ ముందుకొస్తుంది.

మన నాయకురాళ్ళ గురించి, మన సంస్థల గురించి మనమే రాసుకోవడం కూడా మానుకోవాలి. తప్పు కనిపిస్తే చర్చ పేజీలో మన పేరు, సంస్థ పేరు చెప్పి, మూలం చూపించి, దిద్దమని అడగాలి. మన అక్కచెల్లెళ్ళ చరిత్రలో మచ్చ ఉంటే, దానికి మూలమూ ఉంటే, అదీ ఉండనివ్వాలి.

ఈ మూడు నెలల్లో ప్రతి సంఘమూ ఒక పని పెట్టుకోవాలని కోరుతున్నాను. మీ ప్రాంతంలో వివాదంలో ఉన్న ఇద్దరి జీవిత చరిత్రలు తీసుకోండి. ఒకరు మీకు కావలసినవారు, ఇంకొకరు గిట్టనివారు అయి ఉండాలి. రెండింటిలోనూ మూలం లేని ప్రతి వాక్యం కింద గీత గీయండి. గిట్టనివాళ్ళ పేజీలో ఆధారం లేని నిందను తీసెయ్యండి, మనవాళ్ళ పేజీలో ఆధారం లేని పొగడ్తనూ తీసెయ్యండి. మొదటిదానికి చెయ్యి ఆడకపోవచ్చు, రెండోదానికి మనసొప్పకపోవచ్చు. రెండూ చెయ్యగలిగిననాడు, "ఆవిడ సంగతి తెలియందెవరికి?" అన్నవాళ్ళను రుజువేదీ అని అడిగే హక్కు మనకు నిజంగా దక్కుతుంది.