భద్రావతి మిల్లు మళ్లీ తిరగాలి

కర్ణాటక భారీ, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రిగారికి,

మేం బెంగళూరు కాడుగోడిలో స్థిరపడ్డ తెలుగువాళ్లం. ఇక్కడి పాత సామాన్ల దుకాణాల ముందు ఆన్‌లైన్ సరుకుల అట్టపెట్టెలు గుట్టలుగా పడి ఉంటాయి. టేపు ఊడబీకి, అణగదొక్కి, కట్టలు కట్టేలోపు వాన పడిందా, ఆ అట్టకు ధర పడిపోయినట్టే. కూరల చెత్త అంటుకున్నదైతే ఎవరూ ముట్టరు. ఇంత సరుకు మన వీధుల్లో నానుతుంటే, మన దేశపు మిల్లులు పాత కాగితాన్ని అమెరికా, యూరప్‌ల నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్నాయి. ఇది చూస్తూ ఊరుకోలేకే ఈ లేఖ.

ఈ పాత కాగితానికి గిరాకీ తేవడానికి మీ ప్రభుత్వం చేతిలోనే ఒక మిల్లు ఉంది, భద్రావతిలోని మైసూర్ పేపర్ మిల్స్. 2015లో ఆగిన దాని యంత్రాలు మళ్లీ తిరగలేదు. మూతపడ్డ మిల్లు లేస్తుందా అంటారా? తెలంగాణలోని కాగజ్‌నగర్ చూడండి. 2014లో ఆగిన సిర్పూర్ మిల్లును 2018లో జేకే పేపర్ తీసుకుంది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలిచ్చి వెన్నుదన్నుగా నిలిచింది.

భద్రావతి మిల్లు ముడిసరుకు కోసం నీలగిరి తోటలు మాత్రం వద్దు. వాటిని కొత్తగా నాటడాన్ని 2017లో కర్ణాటక ప్రభుత్వమే నిషేధించింది, మంచి పని చేసింది. పాత కాగితమే ప్రధాన ముడిసరుకు కావాలి. తిరిగి వాడిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది కాబట్టి కొంత కొత్త గుజ్జు కలపక తప్పదు. అందుకు చెరకు పిప్పి ఉంది. భద్రావతి మిల్లుకు ఒకప్పుడు సొంత చక్కెర కర్మాగారమే ఉండేది.

మిల్లును ఎవరికి అప్పగించినా, బెంగళూరు పాత కాగితం కొనాలన్న షరతు ఒప్పందంలో రాయించండి. కాడుగోడిలో అట్ట తడవకుండా దాచే గోదాము ఒకటి కట్టించండి.

ఇట్లు,
కాడుగోడి వాసులు