బ్రేకుల గలగలను తేలిగ్గా తీసుకోరాదు

అనంతగిరి గుట్ట దిగే కార్లు, వికారాబాదు-తాండూరు మధ్య తిరిగే కిరాయి బండ్లు గుంతల్లో గలగలమనటం మామూలైపోయింది. పాత బండి అంతేనని డ్రైవర్లు సరిపెట్టుకొంటున్నారు. ఇది మంచి పద్ధతి కాదు.

చప్పుడు ఎక్కడిదో తెలుసుకోవటం కష్టం కాదు. గుంతల్లో నెమ్మదిగా పోతూ బ్రేకును కొద్దిగా తొక్కి చూడాలి. చప్పుడు ఆగితే బ్రేకు ప్యాడ్లు వదులుగా కదులుతున్నట్లే. ఆగకపోతే సస్పెన్షను కూడా చూపించాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు వాటిని పట్టి ఉంచే చిన్న క్లిప్పులను పారవేయటం, తుప్పుపట్టినవే మళ్లీ పెట్టటం తరచు కారణమవుతుంది. క్యాలిపర్ పిన్నులు అరిగినా, బోల్టు వదులైనా చప్పుడు వస్తుంది. బోల్టు ఊడితే ప్రాణాలకే ముప్పు.

కొత్త క్లిప్పులు వేయించి, అరిగిన పిన్నులు మార్పించి, వాటికి బ్రేకు గ్రీజు పట్టించి, బోల్టులు సరిగా బిగింపించాలి. ప్యాడ్ల రాపిడి భాగానికి, డిస్కుకు గ్రీజు అంటరాదు. నాపరాతి దుమ్ములో తిరిగే బండ్లను మరింత తరచుగా చూపించాలి.

మెకానిక్కులు తీసిన పాత సామాను యజమానికి చూపాలి. చప్పుడు వింటే ప్రయాణికులూ డ్రైవరును అడగాలి. రవాణా శాఖవారు కాగితాలతోపాటు చక్రాల వెనుకా చూడవలసి ఉంది. క్లిప్పుల ఖర్చు స్వల్పం. గుట్ట మీద బ్రేకు పడకపోతే జరిగే నష్టం పూడ్చలేనిది.